బైక్ సైలెన్సర్ బెండు దగ్గర లీకు: ప్యాకింగ్ మార్చడం, నట్లు బిగించడం ఏ వరసలో చేయాలి

"కొత్త ప్యాకింగ్ వేయించి వారం కాలేదు, మళ్లీ పట్‌పట్‌మని కొడుతోంది" అని అడిగేవాళ్లు చాలామంది. "నట్లు ఇంకా గట్టిగా బిగించమంటారా?" అన్నది ఆ వెంటనే వచ్చే ప్రశ్న. వద్దు. అలా వచ్చే బళ్లలో ఎక్కువ వాటికి కావలసింది బిగింపు కాదు, మొత్తం విప్పి వరసగా మళ్లీ కట్టుకోవడం. ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను.

ఉదాహరణగా తీసుకున్నది మన ఊళ్లలో ఎక్కువగా తిరిగే రకం: గాలితో చల్లబడే ఒకే సిలిండర్ ఇంజను, అల్యూమినియం హెడ్, దానికి రెండు స్టడ్లు (హెడ్‌లో దిగి ఉండే, తల లేని మర కడ్డీలు), ఇంజను నుంచి సైలెన్సర్‌కు వెళ్లే వంపు పైపును, అంటే బెండు పైపును, ఆ స్టడ్ల మీద పట్టి ఉంచే ఫ్లాంజి. మెకానిక్కులు ఈ ఫ్లాంజినే కాలర్ అంటారు. పొగ బయటికి రాకుండా హెడ్‌కూ పైపుకూ మధ్య వేసే రింగే ప్యాకింగ్. కారు మానిఫోల్డ్‌కు (అన్ని సిలిండర్ల పొగనూ ఒకే దారిలో కలిపే భాగం) తేడా ఎక్కడ వస్తుందో చివర్లో చెప్పాను.

## 1. ముందు లీకు అక్కడే ఉందో లేదో తేల్చుకోండి

బెండు దగ్గర లీకు శబ్దం ట్యాపెట్ (హెడ్‌లో వాల్వులను కదిపే భాగం) శబ్దంలాగే ఉంటుంది. ట్యాపెట్లు సెట్ చేయించి డబ్బులు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

తేడా ఇలా పట్టుకోవచ్చు. పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్ట్ చేయగానే టిక్‌టిక్‌మని వినిపించి, ఐదు పది నిమిషాలు నడిచాక తగ్గిపోతే లీకు మీద అనుమానపడాలి. లోహం వేడికి వ్యాకోచించి సందు కొంత మూసుకుపోతుంది కాబట్టి శబ్దం తగ్గుతుంది. బండి ఎత్తు ఎక్కేటప్పుడు, వెనక మనిషి కూర్చున్నప్పుడు శబ్దం పెరిగినా లీకే కావచ్చు.

కంటికి కనిపించే గుర్తు మసి. హెడ్‌కూ ఫ్లాంజికీ మధ్య, ఫిన్ల మీద ఒక పక్కకు చిమ్మినట్టు నల్లటి చార ఉంటుంది. అది ఏ పక్క ఉంటే ఆ పక్కే బిగింపు సరిగా పడలేదు. విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఇంట్లో చేసుకోగల పరీక్షలు:

- సబ్బునీళ్లు: చల్లటి ఇంజను స్టార్ట్ చేసిన మొదటి అర నిమిషంలోనే జాయింటు మీద సబ్బునీళ్లు చల్లండి. బుడగలు ఎక్కడ లేస్తే అక్కడ లీకు. పైపు వేడెక్కాక నీళ్లు చల్లొద్దు.
- అగరుబత్తి: వెలిగించిన అగరుబత్తిని జాయింటు చుట్టూ నెమ్మదిగా తిప్పండి. లీకు ఉన్న చోట పొగ తునకలు తునకలుగా ఎగిరిపడుతుంది. పెట్రోలు వాసన వస్తున్నా, కార్బురేటర్ కారుతున్నా దీని జోలికి వెళ్లొద్దు.
- తడిగుడ్డ: మందపాటి తడిగుడ్డను సైలెన్సర్ చివర రెండు మూడు సెకన్లు అదిమిపెట్టండి. లోపల ఒత్తిడి పెరిగి బెండు దగ్గర బుస్సుమంటుంది. చేతికి తోలు గ్లౌజు ఉండాలి.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపా పేలడం కూడా లీకు లక్షణమే, బయటిగాలి లోపలికి దూరుతుంది కాబట్టి. కాకపోతే దానికి వేరే కారణాలూ ఉంటాయి, అదొక్కటే చూసి విప్పేయకండి.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బళ్లలో ఇంకో తలనొప్పి ఉంది. వాటిలో చాలావాటికి ఎగ్జాస్టు దారిలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. దానికంటే ముందు లీకు ఉంటే, సందులోంచి దూరిన గాలిని చూసి సెన్సర్ "పెట్రోలు తక్కువైంది" అనుకుంటుంది. ఈసీయూ, అంటే ఇంజనును నడిపే కంప్యూటరు, పెట్రోలు పెంచుతుంది. మైలేజీ పడిపోతుంది, ఒక్కోసారి ఇంజను లైటు కూడా వెలుగుతుంది. సెన్సర్ మార్చమని ఎవరైనా చెబితే, ముందు ఈ జాయింటు చూడమనండి.

ఈ పరీక్షలన్నీ ఆరుబయటే చేయండి. మూసిన షెడ్డులో, సెల్లారులో ఇంజను నడపొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు.

## 2. కావలసినవి దగ్గర పెట్టుకోండి

- మీ బండి మోడల్‌కు సరిపోయే కొత్త ప్యాకింగ్, అంటే సైలెన్సర్ రింగు
- కొత్త నట్లు రెండు. స్టడ్లు తుప్పు పట్టి ఉంటే అవి కూడా రెండు
- ఆరు మూలల సాకెట్, దానికి ఎక్స్‌టెన్షన్. ఎం6 (6 మి.మీ. లావు మర) స్టడ్ అయితే సాధారణంగా 10 నంబరు, ఎం8 అయితే 12 లేదా 13
- తుప్పు వదిలించే స్ప్రే
- వైర్ బ్రష్, 120, 240 నంబరు ఎమిరీ పేపర్లు, చిన్న గాజు పలక
- స్టీలు స్కేలు, ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నటి రేకులు)
- రాగి పేస్టు, అంటే కాపర్ యాంటీ సీజ్
- టార్చి, పాత కాటన్ గుడ్డ, కళ్లద్దాలు, గ్లౌజులు
- చిన్న టార్క్ రెంచి (లేకపోతే ఏం చేయాలో 8వ భాగంలో ఉంది)

టార్క్ రెంచి కొనేవాళ్లకు ఒక మాట. కారు చక్రాల నట్లకు వాడే పెద్దది దీనికి పనికిరాదు. ఏ రెంచి అయినా దాని పరిధిలో అట్టడుగున నమ్మదగ్గ కొలత ఇవ్వదు. ఈ పనికి 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల పరిధి ఉన్నది కావాలి. పెద్ద రెంచి "క్లిక్" అనే లోపు ఎం6 స్టడ్ తెగి చేతిలోకొస్తుంది.

పన్నెండు మూలల సాకెట్, అరిగిన డబుల్ ఎండ్ పానా పక్కన పెట్టేయండి. తుప్పు పట్టిన నట్టు మూలలు గుండ్రమైపోయేది వాటివల్లే.

## 3. పాత నట్లు విప్పడం

ఇంజను పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. తుప్పు స్ప్రే మండే సరుకు, వేడి పైపు మీద కొట్టకూడదు.

ముందు నట్టు బయటికి పొడుచుకొచ్చిన స్టడ్ మరలను వైర్ బ్రష్‌తో బాగా రుద్దండి. చాలామంది ఈ పని వదిలేస్తారు. నట్టు మొదట కదిలింది కదా అని తిప్పుకుంటూ పోతారు. అది బయటి తుప్పు మరల మీదికి రాగానే పట్టేస్తుంది, స్టడ్ తెగుతుంది. స్టడ్లు తెగడంలో చాలా వరకు జరిగేది ఇదే.

రుద్దాక స్ప్రే కొట్టండి. రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి కొడితే ఇంకా మంచిది. అరగంట తొందరపడితే లేత్ షాపులో ఒక పూట పోతుంది.

తిప్పేటప్పుడు పావు చుట్టు వదులు చేసి, కొద్దిగా వెనక్కి బిగించి, మళ్లీ స్ప్రే కొట్టి, మళ్లీ పావు చుట్టు వదులు చేయండి. రెండు నట్లనూ మార్చి మార్చి విప్పుతూ రండి. ఒకదాన్ని పూర్తిగా తీసేస్తే పైపు బరువంతా రెండోదాని మీద పడి అది వంకరగా లాగుతుంది.

సైలెన్సర్ వెనక బోల్టును కూడా ఈ దశలోనే వదులు చేయండి, తీయొద్దు. ముందు నట్లు వచ్చాక, ఒక చేత్తో సైలెన్సర్ పట్టుకుని ఆ వెనక బోల్టును తీయండి. సెన్సర్ ఉన్న బండి అయితే దాని వైరు కనెక్టర్‌ను అన్నిటికంటే ముందు ఊడదీయాలి. వైరు మీద పైపు వేలాడిందంటే సెన్సర్ ఖర్చు మీదే.

నట్టుతో పాటు స్టడ్ కూడా హెడ్‌లోంచి ఊడి వస్తే కంగారు పడకండి. తెగడం కంటే అదే నయం.

## 4. లోపల పాత రింగు మిగిలిందేమో చూడండి

పైపు తీశాక టార్చి వేసి హెడ్ రంధ్రంలోకి చూడండి. పాత ప్యాకింగ్ చాలాసార్లు పైపుతో పాటు రాదు, హెడ్‌లోని గాడిలోనే అతుక్కుపోతుంది. మసి పట్టి, నొక్కుకుపోయి హెడ్‌లో ఒక భాగంలాగే కనిపిస్తుంది. అది ఉందని తెలియక దాని మీద కొత్తది పెట్టేస్తారు. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి ఎప్పటికీ సమంగా కూర్చోవు. "వారం వారం లీకు" కేసు ఎవరైనా తెస్తే నేను మొదట చూసేది ఇదే.

తేల్చుకోవడానికి సన్నటి స్క్రూడ్రైవర్ మొనతో గాడి అంచును గీకి చూడండి. అల్యూమినియం అయితే తెల్లగా మెరుస్తుంది. రాగి రంగో, తుప్పు రంగో, బూడిదరంగు పొరో తగిలితే అది పాత రింగు.

తీసేముందు పిస్టన్‌ను కంప్రెషన్ దశలో పైకి తెచ్చి ఎగ్జాస్ట్ వాల్వు మూసుకునేలా చూసుకోండి. రంధ్రంలో గుడ్డ ముక్క కుక్కండి. తర్వాత రింగును ఒకచోట మాత్రమే లోపలి వైపుకు మడిచి, అక్కడ కొక్కెంతో పట్టి లాగండి. చుట్టూ పొడవకండి. హెడ్ ముఖం మీద పడిన ప్రతి గీతా రేపటి లీకే.

బాగా పాతబండి అయితే ప్యాకింగ్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. దాన్ని పొడిగా గీకడం, గాలితో ఊదడం చేయకండి. తడిపి తీసి, ముక్కల్ని కవర్లో కట్టి పారేయండి.

## 5. స్టడ్లు బాగున్నాయా?

కొత్త నట్టును వేళ్లతో ఎక్కించి స్టడ్ మొదలుదాకా తిప్పండి. పానా అవసరం లేకుండా వెళితే స్టడ్ బాగున్నట్టు. మధ్యలో పట్టేస్తే మరలు పాడయ్యాయి. ఎం6కు 1.0, ఎం8కు 1.25 పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం, మి.మీ.లలో) ఉన్న డై, అంటే మరలు కోసే పనిముట్టు, ఒకసారి తిప్పితే చాలావరకు బాగుపడతాయి. నడుము సన్నబడి, తుప్పు తిన్న స్టడ్‌ను మాత్రం మార్చేయండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో తిరిగే బళ్లకైతే ప్యాకింగ్ మార్చిన ప్రతిసారీ స్టడ్లు కూడా మార్చడమే మంచిదని నా అభిప్రాయం.

స్టడ్ తీయడానికి దాని మీద రెండు నట్లు ఎక్కించి, ఒకదానికొకటి ఎదురు బిగించి, లోపలి నట్టును విప్పే దిశలో తిప్పాలి. కొత్తది వేసేటప్పుడు చేత్తో చివరిదాకా తిప్పి, పానాతో కొద్దిగా నొక్కి వదిలేయండి. మామూలు థ్రెడ్ లాక్ ఇక్కడి వేడికి ఆగదు కాబట్టి దండగ.

స్టడ్ తెగిపోతే అక్కడితో ఆగండి. ఐదారు మిల్లీమీటర్లు బయటికి మిగిలి ఉంటే స్ప్రే కొట్టి, లాక్ ప్లయర్‌తో పట్టి, ముందుకూ వెనక్కీ ఆడించవచ్చు. చుట్టూ అల్యూమినియాన్ని హీట్ గన్‌తో వెచ్చచేస్తే (ముందు స్ప్రేను శుభ్రంగా తుడిచేసి) ఇంకా తేలిక. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, పట్టు సడలుతుంది.

హెడ్‌కు సమంగా తెగితే ఇంట్లో డ్రిల్లుతో ప్రయోగాలు వద్దు. డ్రిల్లు బిట్టు గట్టి స్టడ్ మీద జారి మెత్తటి అల్యూమినియంలోకి దిగుతుంది. తెగిన మొండెం మీద నట్టు వెల్డింగు పెట్టి తీసేవాళ్ల దగ్గరికో, మంచి లేత్ షాపుకో తీసుకెళ్లండి. హెడ్‌లో మర పోయి ఉంటే స్ప్రింగులా ఉండే థ్రెడ్ ఇన్సర్ట్ వేయమనండి. పెద్ద సైజు స్టడ్ కొట్టేస్తామంటే ఒప్పుకోకండి, మళ్లీ పోతే వేయడానికి హెడ్‌లో చోటు మిగలదు.

## 6. ముఖాలు శుభ్రంగా, సమంగా ఉండాలి

హెడ్ గాడిని ఎమిరీ 240తో వేలికి చుట్టి తేలిగ్గా రుద్దండి. గ్రైండరు, వైర్ వీలు వాడొద్దు.

బెండు పైపు చివర వెల్డింగు చేసిన అంచు ఉంటుంది. ప్యాకింగ్ నొక్కుకునేది దాని మీదే. గాజు పలక మీద ఎమిరీ 120 పరిచి, పైపు అంచును నిలువుగా పట్టి గుండ్రంగా నాలుగైదు సార్లు తిప్పితే ఎక్కడ మెరుస్తోందో, ఎక్కడ నల్లగానే ఉందో తెలుస్తుంది. నల్లటి చోటు పల్లం. చుట్టూ మెరుపు వచ్చేదాకా రుద్దండి. వెల్డింగు దగ్గర సన్నటి పగులు ఉందేమో కూడా చూడండి. పగులు ఉంటే కొత్త ప్యాకింగ్ ఎన్ని వేసినా ఉపయోగం లేదు.

ఇక ఫ్లాంజి. దాన్ని గాజు మీద బోర్లించి పెట్టండి. ఎప్పుడూ అతిగా బిగిస్తూ వచ్చిన ఫ్లాంజి రెండు చెవుల దగ్గరా హెడ్ వైపు వంగి విల్లులా తయారవుతుంది. అలాంటిదాన్ని బిగిస్తే చెవుల దగ్గరే గట్టిపడుతుంది, మధ్యలో పైపు మీద ఒత్తిడి ఉండదు. అర మిల్లీమీటరుకు మించి వంపు ఉంటే బెంచ్ వైస్‌లో పెట్టి సరిచేయాలి. చవకగా దొరికితే కొత్తది కొనేయండి.

## 7. ప్యాకింగ్ ఎంచుకోవడం, ఏది పూయాలి, ఏది పూయకూడదు

గట్టి రాగి రింగు, రాగి లేదా రేకు తొడుగులో మెత్తటి పదార్థం నింపిన రింగు, గ్రాఫైట్ రింగు: దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా ఇవి. కంపెనీ ఏ రకం ఇచ్చిందో అదే తీసుకోండి. పాతదాని లోపలి, బయటి వ్యాసాలు, మందం కొత్తదానితో పోల్చి చూడండి. నొక్కుకుపోయిన పాతది పలచగా ఉండటం మామూలే, వ్యాసం మాత్రం కలవాలి.

తొడుగు రింగులూ గ్రాఫైట్ రింగులూ ఒక్కసారికే. గట్టి రాగి రింగు ఒక్కదాన్నే అత్యవసరానికి మళ్లీ వాడుకోవచ్చు. రాగి నొక్కులు తిని గట్టిపడిపోతుంది. పట్టకారుతో పట్టి గ్యాసు పొయ్యి మంట మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. నల్లపొరను ఎమిరీతో తీసేసి వేసుకోండి. లోపల పదార్థం నింపిన రింగును మాత్రం మంట మీద పెట్టొద్దు.

సిలికాన్ పేస్టు పూయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. ఎర్రటి హైటెంప్ సిలికాన్ కూడా దాదాపు 300 డిగ్రీల వరకే. హెడ్ నుంచి బయటికొచ్చే పొగ వేడి అంతకు మించి ఉంటుంది. రెండు రోజులు పట్టి తర్వాత బూడిదై రాలిపోతుంది, ఆ ముక్కలు శుభ్రం చేయడం ఇంకో పని. ఎపాక్సీ ముద్దలదీ అదే కథ.

రాగి పేస్టు స్టడ్ మరలకు పలచగా పూయండి, ప్యాకింగ్‌కు కాదు. సెన్సర్ మొనకు అస్సలు తగలకూడదు.

నట్ల విషయానికొస్తే, నైలాన్ రింగు ఉన్న లాక్ నట్లు ఇక్కడ కరిగిపోతాయి. మామూలు స్ప్రింగ్ వాషరు కూడా ఈ వేడికి కొంతకాలానికి చేవ కోల్పోతుంది. కంపెనీ ఇచ్చిన నట్లో, రాగి పూత ఉన్న ఎగ్జాస్ట్ నట్లో వాడండి.

టోపీ నట్టు వాడే బళ్లలో ఒక మోసం ఉంది. స్టడ్ బయటికి ఎక్కువ పొడుచుకొచ్చి ఉంటే దాని కొన టోపీ లోపలి అడుగుకు తగిలి ఆగిపోతుంది. పానాకు గట్టిగా తగులుతుంది, ఫ్లాంజి మాత్రం వదులుగానే ఉంటుంది. వేసేముందు టోపీ లోతు ఎంత, ఫ్లాంజి దాటి స్టడ్ ఎంత బయటికుంది అన్నది స్కేలుతో కొలవండి. తేడా వస్తే కింద ఒక వాషరు వేయండి.

## 8. అసలు బిగింపు

బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టండి. పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటే సగం పని తేలిక.

1. కొత్త రింగుకు మూడు చోట్ల చుక్కంత గ్రీజు పెట్టి హెడ్ గాడిలో అతికించండి. గ్రీజు తర్వాత కాలిపోతుంది. ఇది చేయకపోతే పైపు ఎక్కించేటప్పుడు రింగు పక్కకు జారి, నలిగిపోయినా మీకు కనిపించదు.
2. ఫ్లాంజిని ముందే పైపు మీదికి తెచ్చి, పైపును గాడిలోకి నిటారుగా పెట్టండి.
3. రెండు నట్లనూ వేళ్లతో మూడు నాలుగు చుట్లు మాత్రమే ఎక్కించండి.
4. వెనక సైలెన్సర్ బోల్టు పెట్టి, దాన్నీ వేళ్లతోనే వదులుగా ఉంచండి.
5. పైపును పట్టి కొద్దిగా అటూ ఇటూ కదపండి. దానంతటది కూర్చోవాలి.
6. ముందు నట్లను వేళ్ల బలంతో ఎంత వస్తే అంత, రెండూ సమంగా తిప్పండి.
7. ఇప్పుడు పానా తీసుకుని కుడి, ఎడమ, కుడి, ఎడమ అని మార్చి మార్చి, ఒక్కోసారి పావు చుట్టు చొప్పున బిగించండి.
8. చివరి బిగింపు మూడు దశల్లో: ఎం6కు 5, 7, 10 న్యూటన్ మీటర్లు, ఎం8కు 8, 15, 22. మరలకు రాగి పేస్టు పూసి ఉంటే మాత్రం చివరి అంకె 8, 17; కారణం కింద ఉంది.
9. ముందు బిగింపు పూర్తయ్యాకే వెనక బోల్టు బిగించండి.

10, 22 అనేవి ఆ సైజు నట్లకు సాధారణంగా వాడే అంకెలు. మీ బండి సర్వీసు మాన్యువల్ వేరే అంకె చెబితే అదే పాటించండి. మాన్యువల్ అంకెలు ఎక్కువగా పొడి మరలకు ఇచ్చినవి. రాగి పేస్టు పూస్తే నట్టు తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి అదే అంకెకు స్టడ్ మీద లాగుడు ఎక్కువ పడుతుంది. ఎం6ను 8 దగ్గర, ఎం8ను 17 దగ్గర ఆపేయండి.

7వ మెట్టు దగ్గర కాసేపు ఆగి చూడండి. ఫ్లాంజికీ హెడ్‌కూ మధ్య సందు కుడివైపు, ఎడమవైపు ఒకేలా ఉండాలి. వెర్నియర్ లేకపోతే డ్రిల్లు బిట్లు చాలు. కుడి సందులో 4 మి.మీ. బిట్టు సరిగ్గా దూరితే ఎడమవైపు కూడా అదే దూరాలి. తేడా ఉంటే వెనక్కి వదులు చేసి 5వ మెట్టు నుంచి మళ్లీ రండి. దగ్గరగా ఉన్న పక్కను అలాగే ఉంచి దూరంగా ఉన్న పక్కను లాగేయడం సరికాదు.

ఆ సందు పూర్తిగా మూసుకోదు, మూసుకోనక్కర్లేదు. రింగు ప్యాకింగ్ ఉన్న చాలా బళ్లలో ఫ్లాంజి హెడ్‌కు ఆనదు. అది ఆనేదాకా బిగిస్తూ పోతేనే చెవులు వంగుతాయి.

9వ మెట్టు తలకిందులైతే మిగతాదంతా వృథా. వెనక బోల్టు ముందే బిగిస్తే పైపు ఒక భంగిమలో ఇరుక్కుపోతుంది. అప్పుడు ముందు నట్లు ప్యాకింగ్‌ను నొక్కడం మానేసి, పైపును వంచే పనిలో పడతాయి. టార్క్ రెంచి సరైన అంకె చూపిస్తుంది, లీకు ఆగదు, కొన్నాళ్లకు బ్రాకెట్ దగ్గర పగులు వస్తుంది. ముందు బిగించాక వెనక రంధ్రం కలవకపోతే, సైలెన్సర్‌ను బలంగా లాగి కలపకండి. మధ్యలో వాషర్లు వేసి సందు పూడ్చండి.

టార్క్ రెంచి లేకపోతే: సామాన్లు తూచే కొక్కెం కాటా ఉంటే సరిపోతుంది. పానాకు నట్టు మధ్య నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో గుర్తు పెట్టి, అక్కడ కాటా కొక్కెం తగిలించి, పానాకు అడ్డంగా లంబకోణంలో లాగండి. 10 న్యూటన్ మీటర్లకు కాటా సుమారు 6.8 కిలోలు చూపాలి. 22కు దాదాపు 15 కిలోలు. పేస్టు పూసిన ఎం6కు 5.5 కిలోలు చాలు, ఎం8కు 11.5. కొంచెం అటూ ఇటూ అయినా, చేతి అంచనాకంటే ఇది చాలా మేలు.

## 9. వేడి చూపించి, చల్లార్చి, మళ్లీ బిగించండి

పైపు మీది చేతిముద్రలు, నూనె మరకలు స్టార్ట్ చేసేముందే తుడిచేయండి. కాలితే క్రోము మీద మచ్చలుగా మిగిలిపోతాయి.

మొదటిసారి స్టార్ట్ చేశాక గ్రీజు, స్ప్రే కాలి కొద్దిగా పొగ వస్తుంది. ఐదు నిమిషాల్లో తగ్గిపోతే అది లీకు కాదు.

పదిహేను నిమిషాలు నడిపి ఆపేయండి. పూర్తిగా చల్లారనివ్వండి. రాత్రంతా వదిలేస్తే ఇంకా మంచిది. కొత్త ప్యాకింగ్ మొదటి వేడికి కొంచెం నొక్కుకుంటుంది, నట్లు ఆ మేరకు వదులవుతాయి. పొద్దున చల్లటి ఇంజను మీద అదే టార్కుతో మళ్లీ చూడండి. నట్టు కొద్దిగా తిరిగితే తిరగనివ్వండి. అంకె పెంచకండి. వేడిగా ఉన్నప్పుడు మాత్రం బిగించొద్దు.

వంద, నూటయాభై కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి. అప్పటికి నట్టు కదలకూడదు.

మూడోసారి కూడా తిరిగితే ప్యాకింగ్‌ను అనుమానించడం ఆపి స్టడ్‌ను చూడండి. నట్టు తిప్పుతుంటే గట్టిపడకుండా మెత్తగా వస్తూనే ఉంటే, స్టడ్ హెడ్‌లోంచి మరలతో సహా పైకి లేస్తోంది. ఇంకో అర చుట్టు తిప్పితే మొత్తం చేతిలోకి వస్తుంది. ఆపేసి లేత్ షాపుకు వెళ్లండి.

## 10. ఇంత చేసినా లీకు అయితే

మీరు తీసిన ఫొటో ఇప్పుడు బయటికి తీయండి.

- మసి పాత చోటే పడుతోంది: ఆ పక్క పైపు అంచులోనో హెడ్ గాడిలోనో పల్లం ఉంది. 6వ భాగం మళ్లీ చేయండి.
- మసి చోటు మారింది: బిగింపు ఈసారి రెండో పక్కకు ఒరిగింది. సందు కొలవకుండా వదిలేశారన్నమాట.
- చుట్టూ సమంగా మసి: ప్యాకింగ్ పలచనైనా అయి ఉండాలి, లేదా టోపీ నట్టు అడుగుకు తగిలి ఆగి ఉండాలి.
- జాయింటు పొడిగానే ఉంది, శబ్దం మాత్రం ఉంది: పైపు వెల్డింగు పగులు, పైపు సైలెన్సర్‌లో దూరే చోటి క్లాంపు, సెన్సర్ మర చూడండి. అవీ బాగుంటే అప్పుడు ట్యాపెట్ల సంగతి.
- బ్రాకెట్ రబ్బరు పోయింది: సైలెన్సర్ ఊగినప్పుడల్లా బలమంతా ముందు నట్ల మీదే పడుతుంది. రబ్బరు మార్చకుండా ముందు ఎన్నిసార్లు బిగించినా నిలవదు.

## 11. కారు మానిఫోల్డ్ అయితే

ప్యాకింగ్ కొత్తది, మరలు శుభ్రం, మూడు దశల బిగింపు, చల్లటి ఇంజను: ఇవన్నీ దానికీ వర్తిస్తాయి. వరస మాత్రం మారుతుంది. నాలుగు సిలిండర్ల మానిఫోల్డ్‌ను సాధారణంగా మధ్య నట్లతో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటి చొప్పున చివర్లకు వెళ్తూ బిగించాలి. చివర్లు ముందు బిగిస్తే మధ్యలో ఉబ్బు మిగిలిపోతుంది. మాన్యువల్‌లో వరస బొమ్మ ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి.

విప్పాక పొడవాటి స్టీలు స్కేలును మానిఫోల్డ్ ముఖం మీద నిలువుగా పెట్టి, కింద ఫీలర్ గేజి దూర్చి చూడండి. పోత ఇనుము మానిఫోల్డ్ ఏళ్ల తరబడి వేడి తిని చివర్ల దగ్గర వంకర తిరుగుతుంది. మాన్యువల్ ఒప్పుకునే హద్దు దాటితే మెషీన్ షాపులో ముఖం తీయించాలి, లేదా మార్చాలి. తెగిన స్టడ్లు ఎక్కువగా చివరివే అవుతాయి, ఈ వంకర లాగుడుకు.

కొన్ని మానిఫోల్డ్‌లకు చివరి రంధ్రాలు కావాలనే కోలగా ఉంటాయి, వేడికి మానిఫోల్డ్ జరగడానికి. వాటిని వాషర్లతో బిగదీసి పట్టేయకండి.

కారు కిందికి దూరి పని చేయాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, స్టాండ్లు పెట్టండి. పైనుంచి సాకెట్ దూరని నట్లకు కాకిపాదం లాంటి క్రోఫుట్ పానాను రెంచికి లంబకోణంలో తగిలిస్తే టార్కు అంకె మారదు. నిటారుగా తగిలిస్తే పొడవు పెరిగి, రెంచి చూపేదానికంటే ఎక్కువ బిగుస్తుంది.